శనివారం కొన్న గాలిపంపు

మా ఆవిడకి ఉద్యోగం వచ్చిన ఏడాది మా ఇంట్లో అందరికంటే ఎక్కువ అలిసిపోయింది నేను. ఉద్యోగం ఆవిడది, పాఠాలు ఆవిడవి, సుద్దముక్క దుమ్ము ఆవిడది. అయినా అలిసిపోవడంలో నాకున్న అనుభవం ఆవిడకి లేదు. ఆవిడ పనిచేస్తేగానీ అలిసిపోదు. నేను ఆవిడ పనిచేస్తుంటే చూసి అలిసిపోగలను.

టీచరు పరీక్ష రాసినప్పుడు ఆవిడ జడ మోకాళ్ళ దాకా ఉండేది. కోర్టు కేసులు, జాబితాలు, మళ్ళీ కోర్టు కేసులు అన్నీ దాటుకుని ఆర్డరు చేతికొచ్చేసరికి జడ సగమైంది, ఆ సగానికి రంగు వెయ్యాల్సి వచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి ఇది. పోస్టింగు కడియం అవతల, కాలవగట్టు మీద లోపలికి వెళ్తే తగిలే ఒక చిన్న ఊళ్ళో. మేముండేది రాజమండ్రి. కడియం దాకా బస్సుంది. అక్కణ్ణించి గట్టు మీద వెళ్ళడానికి ఆటో ఉందంటారు. ఉన్నమాట నిజమే, కదిలేమాట మాత్రం అబద్ధం. నిండితేగానీ కదలదు. నిండడమంటే ఆ ఆటోవాడి లెక్కలో, డ్రైవరు సీటులో డ్రైవరుకి చోటు లేకపోవడం.

అందుకని సైకిలు. మోపెడ్ సంగతి కూడా ఆలోచించాంగానీ, ఎదురింటివాళ్ళ మోపెడ్ ఒకసారి నడిపిచూస్తానని ఎక్కి, తిన్నగా వీధి చివరి పాలబూత్ లోకి వెళ్ళి, పాలు పోయించుకోవడానికి వచ్చినట్టు కౌంటరు ముందు ఆగింది మా ఆవిడ. ఇంజనున్న వస్తువు జోలికి మళ్ళీ వెళ్ళలేదు. సామర్లకోట దగ్గర వాళ్ళ పుట్టింట్లో, కాలేజీ రోజుల్లో తొక్కిన లేడీస్ సైకిలు అటక మీద నుంచి దిగి, ప్యాసింజరు రైలెక్కి, కడియంలో టీ హోటలు వెనకాల కాపురం పెట్టింది. పొద్దున్నే బస్సు దిగి ఆవిడ దాన్నెక్కి బడికెళ్ళేది.

సైకిలు మంచిదే. వెనక చక్రం రిమ్ము మాత్రం తుప్పు పట్టి, లోపల పళ్ళు మొలిచి, ఎన్ని ట్యూబులేసినా కొరుక్కుతినేది. టీ హోటలాయన దగ్గర నిలువెత్తు గాలిపంపు ఉండేది. దాంతో పొద్దున్న కొట్టిన గాలి సగం దూరం వరకే నిలిచేది. సరిగ్గా కాలవ లాకుల దగ్గర దిగిపోయేది, అక్కడేదో దానికి చుట్టాలున్నట్టు. కొత్త రిమ్ము వేయిద్దామంటే, ఆ మోడలుకి రిమ్ములు రావడం మానేసి చాలా ఏళ్ళయిందన్నారు. కొత్త సైకిలు కొందామంటే మా ఆవిడకి మొదటి జీతమే ఇంకా రాలేదు. కొత్తగా చేరినవాళ్ళకి జీతం రావాలంటే ఎన్ని సంతకాలు కావాలో, ఆ సంతకాలు పెట్టేవాళ్ళు ఎన్ని ఊళ్ళలో ఉంటారో నాకు ఇప్పటికీ తెలీదు.

గాలి దిగిన రోజున మిగిలిన దూరం నడక. అలా రెండుసార్లు ఆలస్యమైంది. ఆ బడి హెడ్మాస్టరుగారు టైము విషయంలో ఎలాంటివారంటే, సూర్యుడు ఆ ఊళ్ళో ఆయన గడియారం చూసుకుని ఉదయించేవాడు. ప్రార్థన మొదలయ్యేసరికి టీచర్లు గేటు లోపల ఉండాలి. రెండోసారి ఆయన మా ఆవిణ్ణి పిలిచి ఎంతో మర్యాదగా, "టీచరుగారూ, ఇక మూడోసారి నేను నోటితో చెప్పనండి, కాగితంతో చెబుతాను" అన్నారట.

కాగితమంటే మెమో. ఇంటికొచ్చి ఆ రాత్రి అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"ఇన్నేళ్ళు ఎదురుచూసిన ఉద్యోగమండీ. ఇంకా ప్రొబేషనే అవలేదు. మెమో తగిలిందంటే, ఈ వయసులో దీనికెందుకొచ్చిన ఉద్యోగం అంటారు."

"ఎవరంటారు?"

"మీరే అంటారు."

నేను అననని ఎంత చెప్పినా, ఆ రోజుకి నేను అనేసినట్టే లెక్క.

సగం దారిలో గాలి దిగితే సగం దారిలోనే కొట్టుకోవాలి, అంటే వెంట తీసుకెళ్ళే చిన్న పంపు కావాలి అని తేలింది. రాజమండ్రి మెయిన్ రోడ్డులో అప్పుడే ఒక సూపర్ మార్కెట్ తెరిచారు. ఆషాఢం సేల్ నడుస్తోంది. పెళ్ళిళ్ళు లేని నెల కాబట్టి చీరలకి తగ్గింపు ఇవ్వడం తరతరాలుగా ఉన్నదే. ఈ సూపర్ మార్కెట్ వాళ్ళు ఒక మెట్టు ముందుకెళ్ళి కందిపప్పు నుంచి కత్తెర దాకా అన్నిటికీ ఆషాఢం పెట్టేశారు. ఆషాఢంలో చివరి శనివారం సాయంత్రం, ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చెప్పులైనా విప్పకుండా, ఇద్దరం వెళ్ళాం.

లోపల చలి. అంత చలి నేను మా ఊళ్ళో ధనుర్మాసంలో కూడా ఎరగను. తోసుకెళ్ళే బండి ఒకటిచ్చారు. దాని నాలుగు చక్రాలకీ నాలుగు అభిప్రాయాలు. దాన్ని ఒప్పించి, బతిమాలి, నూనెల మధ్య నుంచి సబ్బుల మీదుగా పై అంతస్తుకి చేరేసరికి నా జీవితంలో మిగిలిన ఓపిక సగం అక్కడే ఖర్చయింది. పైన ఒక మూల ఇనపతీగల బుట్టల్లో సైకిలు సామాను గుట్టలుగా ఉంది. ఎక్కడో విదేశాల్లో అమ్ముడుపోక మిగిలిపోయిన సరుకని చూస్తేనే తెలుస్తోంది. మెత్తటి సీటు కవర్లు, ఎర్ర లైట్లు, పుచ్చకాయ చారల హెల్మెట్లు, జేబులో పట్టే రెంచీల కట్టలు. ఒక పనిముట్టు మీదైతే అది చెయ్యలేని పని లేదని రాసుంది. నేను దాన్ని గౌరవంగా పట్టుకుని చూశాను. అన్ని పనులు చెయ్యగలిగిన వస్తువుని చూస్తే నాకు మొదటినుంచీ కొంచెం భయం, మా ఆవిడ విషయంలోనూ అంతే.

"అంకుల్, హెల్మెట్ తీసుకోండి. మీకు బాగుంటుందండి" అంది అక్కడి సేల్స్ అమ్మాయి.

"నాక్కాదమ్మా, మా ఆవిడకి."

"ఆంటీకి ఇంకా బాగుంటుందండి."

"నేను వెళ్ళేది బడికమ్మా, యుద్ధానిక్కాదు" అంది మా ఆవిడ.

చివరికి మూరెడు పొడవున్న గాలిపంపు ఒకటి, అతుకులు వేసే పెట్టె ఒకటి, రెంచీల కట్ట ఒకటి తేలాయి. అన్నీ సగం ధర. ఎందుకింత చవకని అడిగాను. "శనివారం ఇనుము ఎవరూ కొనరు కదండీ, అందుకని ఇవాళ ఇంకా తగ్గించారు" అంది ఆ అమ్మాయి.

మా ఆవిడ చేతిలో పంపు చటుక్కున బుట్టలోకి వెళ్ళిపోయింది.

"శనివారమండీ! మర్చేపోయాను. శనివారం ఇనుము ఇంటికి తీసుకెళ్తామా?"

మామూలు రోజుల్లో ఆవిడ ఇలాంటివి పట్టించుకునే మనిషి కాదు. ఉద్యోగం వచ్చినప్పటినుంచీ ఎవరు తుమ్మినా ఆగి మంచినీళ్ళు తాగుతోంది. ఇన్నేళ్ళకి చేతికి వచ్చినదాన్ని ఏ చిన్న కారణానికీ పోగొట్టుకోదలుచుకోలేదు.

సేల్స్ అమ్మాయికి ఇది కొత్త కాదు. "ఇవాళ బిల్లు కట్టేసి సామాను ఇక్కడే ఉంచండి ఆంటీ. రేపు పొద్దున్నొచ్చి పట్టుకెళ్ళండి. అందరూ అంతేనండి."

"డబ్బులు కడితే కొన్నట్టు కాదా?" అన్నాను నేను.

"ఇంటికి తెస్తేనే కొన్నట్టు" అంది మా ఆవిడ. ఇద్దరు ఆడవాళ్ళూ ఏకమై తీర్పు చెప్పాక నాకిక పై కోర్టు లేదు. సామాను ఒక అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, పసుపు కవరులో పెట్టి లోపల ఉంచారు.

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి రాజమండ్రిలో సగం మంది అక్కడే ఉన్నారు. శనివారం కొనకుండా కొన్న ఇనుమంతా పట్టుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు. పెనాలు, బాణళ్ళు, సుత్తులు, గునపాలు, ఒకాయనకైతే ఏకంగా గేటు. కౌంటరులో ఉన్నతను నాకంటే అలిసిపోయి ఉన్నాడు, అందుకని అతన్ని చూడగానే నాకు ఆత్మీయత కలిగింది.

"కవరు పసుపు రంగేనాండీ?" అన్నాడు.

"పసుపేనండి."

"అయితే ఇదేనండి" అని ఒకటి తీసి చేతిలో పెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే అన్నీ పసుపే. నేను బాగానే గమనించాను. గమనించి, చాలాసేపు ఆలోచించే ఓపిక లేక వచ్చేశాను.

"నిన్నటికంటే బరువుగా ఉన్నట్టుందోయ్" అన్నాను ఇంటికొచ్చి.

"అమావాస్య కదండీ, బరువుగానే ఉంటుంది" అంది. ఈ శాస్త్రం నేను అంతకుముందు వినలేదు. అదీగాక సగం ధరకి రెట్టింపు బరువు వచ్చిందంటే, ఆనందించాల్సిందే తప్ప అనుమానించాల్సింది ఏముంది? విప్పిచూద్దామంటే మళ్ళీ అడ్డం పడింది. అమావాస్య పూట కొత్త వస్తువు విప్పకూడదు. రేపటినుంచి శ్రావణం, సోమవారం కూడాను, రేపే విప్పుదాం అంది. సోమవారం పొద్దున్న వర్జ్యం ఉంది. వర్జ్యం వెళ్ళేసరికి బస్సు వచ్చేసింది. అట్టపెట్టె టేపుతో సహా బస్సెక్కింది.

దాంతోపాటు నేనూ ఎక్కాను. పంపు కొట్టడం ఆవిడకి రాదు, మొదటిరోజు వచ్చి చూపించమంది. పూటకి సెలవు పెట్టాను. కడియంలో టీ హోటలాయన ఆవిడ సైకిలుకి గాలి కొట్టి, నాకు తన సైకిలు ఇచ్చాడు. పాలక్యాన్లు తగిలించుకునే కొక్కేలతో, ఏనుగు పిల్లంత ఉంది. దాని సీటెక్కడానికి అన్నవరం కొండకున్నట్టు మెట్లుంటే బాగుండుననిపించింది.

"బాబుగారూ, బ్రేకులు అంత పట్టవండి" అన్నాడు ఆయన.

"మరి ఎలా ఆపుతారయ్యా?"

"కాలండి. ఆయ్."

గట్టు మీద బయల్దేరాం. ఒకపక్క కాలవ, ఇంకోపక్క నర్సరీలు. పూలకుండీలకి నీళ్ళు పోస్తున్న ఆడవాళ్ళు మా ఆవిణ్ణి పలకరించి, నన్ను చూసి నవ్వి, మళ్ళీ పనిలో పడ్డారు. ముందు ఆవిడ చీరకొంగు బొడ్లో దోపుకుని నిటారుగా, వెనక నేను కాళ్ళు పెడళ్ళకి సగం అంది సగం అందక, గుర్రం మీద నుంచి జారిపోతున్న రాజుగారిలా. లాకుల దగ్గరికి వచ్చేసరికి, నిద్ర లేచినవాడు ఆవలించినట్టు హాయిగా శబ్దం చేసి, వెనక చక్రం కూర్చుండిపోయింది.

మా ఆవిడ కంగారు పడలేదు. దిగి, స్టాండు వేసి, "విప్పండి" అంది. మళ్ళీ తనే కొత్త వస్తువు కదా అని అట్టపెట్టెని కళ్ళకద్దుకుని టేపు చింపింది.

లోపలినుంచి ఒక అట్ల పెనం వచ్చింది. దాని కింద ఒక గుంటపొంగణాల పెనం. అడుగున కొబ్బరి తురిమే కోరాం.

మేమిద్దరం పెట్టెలోకి తొంగిచూశాం. ఇంకేమీ లేదు. ఈపాటికి రాజమండ్రిలో ఏ ఇల్లాలో శ్రావణమాసం మొదటిరోజు కదా అని అట్లపిండి కలుపుకుని, స్టవ్వు వెలిగించి, పెట్టె విప్పి, గాలిపంపు చేత్తో పట్టుకుని నిలబడి ఉంటుందని నాకు కళ్ళకి కట్టింది. ఆవిడా శనివారం ఇంటికి తీసుకెళ్ళలేదు, ఆవిడా అమావాస్య పూట విప్పలేదు. ఎంతమంచి కుటుంబమో.

నర్సరీలో నీళ్ళు పోస్తున్న ఒకావిడ బిందె దింపి కేకేసింది. "ఏంటండీ టీచరమ్మగారూ, ఇవాళ పిల్లలకి అట్లాండీ?"

మా ఆవిడ నన్ను తిట్టలేదు. తిడితే నాకు కొంచెం ధైర్యంగా ఉండేది. చేతిగడియారం చూసుకుంది. నడిస్తే అరగంట దారి. ప్రార్థనకి పావుగంట కూడా లేదు. ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు, మొహంలో కోపం లేదు, ఏమీ లేదు. ఎన్నో ఏళ్ళు జాబితాలో పేరుందో లేదో వెతుక్కున్న మొహం, ఇంకోసారి వెతుక్కోవడానికి సిద్ధపడుతోంది.

"వెనకెక్కు, నేను తొక్కుతాను" అన్నాను.

ఎక్కింది. నా జీవితంలో నేను చేసిన సాహసాల్లో అది పెద్దది, దూరంలో మాత్రం బాగా చిన్నది. రెండు కొబ్బరిచెట్ల మధ్యనున్నంత దూరం వెళ్ళామో లేదో, సైకిలు కాలవవైపు చూడడం మొదలెట్టింది. నర్సరీ ఆడవాళ్ళందరూ ఒకేసారి "అమ్మో" అన్నారు. మా ఆవిడ వెనకనుంచి దూకేసింది. నేను టీ హోటలాయన చెప్పినట్టే కాలుతో ఆపాను. చెప్పు తెగింది.

"దిగండి" అంది.

"ఇది బారున్న మగసైకిలోయ్. చీరతో ఎలా—"

"ముందు దిగండి మీరు."

దిగాను. కుచ్చిళ్ళు పైకి పట్టి నడుం దగ్గర గట్టిగా దోపింది. ఎడంకాలు పెడలు మీద పెట్టి, మూడు తోపులు తోసి, కుడికాలు బారు కిందనుంచి అవతలికి దూర్చింది. అడ్డతొక్కుడు! వాళ్ళ నాన్నగారి సైకిలు మీద, సీటు అందని వయసులో నేర్చుకున్న తొక్కుడట, తర్వాత చెప్పింది. ఒళ్ళంతా సైకిలుకి ఓ పక్కకి వేలాడేసి, జడ ఇంకోపక్కకి విసురుకుంటూ, పైకీ కిందికీ లేస్తూ పడుతూ, నలభైకి దగ్గరపడిన మనిషి ఆ కాలవగట్టు మీద వెళ్తుంటే, ఎదురొస్తున్న బర్రె తనంతట తానే పక్కకి తప్పుకుంది. నేను చూస్తుండగానే మలుపు తిరిగిపోయింది.

నాకు మిగిలినవి గాలిలేని సైకిలు, ఆవిడ అన్నం క్యారియరు, రెండు పెనాలు, ఒక కొబ్బరి కోరాం, ఒక చెప్పు. బయల్దేరాను.

దారి పొడుగునా జనం నాకు ఆవిడ సమాచారం అందిస్తూనే ఉన్నారు. "ఇప్పుడే వెళ్ళారండి టీచరుగారు." "బాణంలా పోయారండి." ఒకాయన తన కోడిపెట్ట ఈకలు చూపించాడు. ఇంకొకాయన, ఏంటి సంగతండీ, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అన్నాడు. అంతమంది చూశారుగానీ, టైముకి అందిందా లేదా అన్నది ఒక్కరికీ తెలీదు. దూరంనుంచి ప్రార్థన వినిపిస్తుందేమోనని ఆగి ఆగి చెవులు రిక్కించాను. నీళ్ళ మోటారు చప్పుడు తప్ప ఏమీ లేదు. పెనాలు మాత్రం ప్రతి గతుక్కీ ఒకదాన్నొకటి పలకరించుకుంటున్నాయి. అంత అలసటలోనూ నాకు ఒకటే అనిపించింది. ఆవిడకి కాగితం వస్తే ఇంటికెళ్ళాక ఏం మాట్లాడాలి? మాట్లాడడం నా వృత్తిలాంటిది, అయినా ఒక్క మాటా తట్టలేదు.

బడి దగ్గరికొచ్చేసరికి తరగతులు నడుస్తున్నాయి. వరండాలో హెడ్మాస్టరుగారు, తెల్లచొక్కాతో, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు.

"మీరు టీచరుగారి తాలూకాండీ?"

"భర్తనండి."

నా చేతిలో ఉన్నవన్నీ ఆయన ఒక్కొక్కటే చూశారు. కొబ్బరి కోరాం దగ్గర కాసేపు ఆగారు.

"మా ఆవిడ టైముకి వచ్చిందాండీ?" అన్నాను.

"వచ్చారండి. రావడం వచ్చేశారు, ఆగడమే కుదర్లేదండి. గేటు దాటి, పిల్లల వరసల మధ్యనుంచి వెళ్ళి, జెండా దిమ్మకి ఆనుకున్నారు."

"దెబ్బలేమైనా..."

"దిమ్మకి కొంచెం సున్నం రాలిందండి."

"ప్రార్థన అప్పటికి..."

"అప్పటికింకా మొదలవలేదండి. మొదలుపెట్టడం మాత్రం ఆలస్యమైంది. పిల్లలు చప్పట్లు ఆపలేదు."

"మరి ఆ... కాగితం సంగతండీ?"

ఆయన జెండా దిమ్మవైపు చూశారు. ఆయన మొహంలో నవ్వేమీ లేదు. "ఆలస్యంగా వస్తే ఇవ్వాలండి. ఇలా వస్తే ఏం ఇవ్వాలో నాకూ తెలీదండి. లోపలికొచ్చి మంచినీళ్ళు తాగండి."

తాగి, వరండా చివర బెంచీ మీద కూర్చున్నాను. లోపల గదిలోంచి మా ఆవిడ ఎక్కం చెప్పిస్తున్న గొంతు వస్తోంది. ఇంట్లో నేను రోజూ వినే గొంతేగానీ, ఇంత నిదానంగా ఉంటుందని నాకు తెలీదు. ఆ గొంతు వింటూ వింటూ, పూట సెలవు కాస్తా రోజు సెలవైనా పట్టించుకోకుండా, అలాగే నిద్రపోయాను.

ఎవరో భుజం తట్టారు. ఇంటర్వెల్. మోచేతికి పసుపు రాసుకుని, చీర అంచుకి చైను నూనె మరకతో మా ఆవిడ నిలబడి ఉంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. జెండా దిమ్మకి ఆనించి ఉన్న ఏనుగు పిల్లని చూస్తోంది.

"ఏవండీ, దాని రిమ్ములు చూశారా? ఎంత బాగున్నాయో!"

"బ్రేకుల్లేవు కదోయ్."

"బ్రేకులు వేయించుకోవచ్చు. మన సైకిలిచ్చి అది తీసుకుందాం, టీ హోటలాయన ఒప్పుకుంటాడేమో అడగండి. మీరు అడిగితే మొహమాటపడి ఎక్కువిచ్చేస్తారు, వద్దులెండి, నేనే అడుగుతాను."

సాయంత్రం గట్టు మీద నేను ముందు బయల్దేరాను, ఒక కాలికి చెప్పుతో, గాలిలేని చక్రాన్ని తోసుకుంటూ, పెనాలు మోగించుకుంటూ. ఆవిడ సంతకం పెట్టి వెనక బయల్దేరింది. లాకుల దగ్గర నా వెనక చైను చప్పుడు వినిపించింది. తిరిగి చూసేలోపలే కేక వచ్చింది.

"జరగండి, జరగండి, ఆగదు!"

నేను పక్కకి జరిగాను.